ఆదర్శ రుణగ్రహీత గారి కిడ్నీ

కుబేర పరస్పర సహాయ పొదుపు పరపతి సంఘంలో ఆ సోమవారం పొద్దున్నే గగ్గోలు పుట్టింది. అప్పు తీసుకున్న మనిషి ఒకడు వాయిదాలు సక్రమంగా కడుతున్నాడని ఆడిటర్ కనిపెట్టాడు.

ముందు ఎవరూ నమ్మలేదు. గుమాస్తా పద్దు తప్పు రాసి ఉంటాడన్నారు. గుమాస్తా తన పిల్లల మీద ఒట్టు వేశాడు. పోనీ ఆ మనిషి ఇంకెవరి పద్దులోనో కట్టబోయి పొరపాటున తన పద్దులో కడుతున్నాడేమో అన్నారు. అదీ కాదని తేలింది. సంఘం పుట్టిన దగ్గర్నుంచి పాలకవర్గం వాళ్ళ బావమరుదులూ, ఆ బావమరుదుల వియ్యంకులూ వచ్చి అప్పులు పట్టుకుపోతూనే ఉన్నారు గానీ, ఇచ్చిన డబ్బు తిరిగొస్తుందనే ఊహ పాపం ఎవరికీ రాలేదు. అధ్యక్షుడు ఆకుల సర్వేశ్వర్రావు గారి సొంత బావమరిది రొయ్యల చెరువుకని తీసుకున్నాడు. ఆ చెరువు ఎక్కడుందో ఇప్పటికీ రొయ్యలకే తెలియదు. అలాంటి చోట ఎవరి బావమరిదీ కాని ఒక మామూలు మనిషి నెలనెలా వచ్చి, కిటికీ దగ్గర నిలబడి, రసీదు అడిగి మరీ కడుతున్నాడంటే కంగారు పుట్టదూ?

ఆ మనిషి పేరు దొమ్మేటి భాస్కర్రావు. కాకినాడకి బస్సులో గంట దూరం ఉన్న ఆ చిన్న పట్నంలో, మార్కెట్ వీధిలో, అతనికి ‘సత్యవేణి సౌండ్స్ అండ్ షామియానా’ అనే కొట్టుంది. కొట్టు వెనకే ఇల్లు. పెళ్ళికైనా, పెద్దకర్మకైనా, పార్టీ మీటింగుకైనా మైకులూ కుర్చీలూ అతనివే. సత్యవేణి అతని భార్య. ఆవిడ గొంతెత్తితే భాస్కర్రావు పెద్ద బాక్సులు కూడా బలాదూరేనని వీధిలో చెప్పుకునేవాళ్ళు.

అలాంటి ఆవిడకి కాళ్ళు వాచాయి, ఆయాసం పట్టుకుంది, కాకినాడ డాక్టర్లు రెండు కిడ్నీలూ పోయాయని తేల్చారు. అప్పట్నుంచి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఉచిత వైద్యానికి సర్కారు కార్డు ఉండేది. కానీ షామియానా గుడ్డలు మోసే డొక్కు వ్యాను అతని పేరు మీద ఉందనీ, నాలుగు చక్రాలున్నవాడు పేదవాడెలా అవుతాడనీ ఆ కార్డు ఎప్పుడో పీకేశారు. చేసేది లేక భాస్కర్రావు కొట్టూ ఇల్లూ కలిసిన దస్తావేజులు కుబేర సంఘంలోనూ, సత్యవేణి గాజులు సేటు కొట్లోనూ పెట్టాడు.

“ఏవండీ, పోతే పోతాను గానీ అప్పులో పోకూడదండీ,” అంది సత్యవేణి. “పైన మా నాన్న కనిపించి అడిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“పోతానంటావేటే పొద్దున్నే! తీర్చేస్తాను కదా.”

ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికి భాస్కర్రావు సిగరెట్లు మానేశాడు, హోటల్ టిఫిను మానేశాడు, కొత్త చొక్కా అనే మాటే మర్చిపోయాడు. మైకు పెట్టిన చోటే భోజనం కానిచ్చి, ఇంటికొచ్చి ఆవిడకి ఉప్పు లేని కూరలు వండేవాడు. చేతిలోకి పైసా వస్తే ముందు ఆసుపత్రికి, తరవాత సంఘానికి, ఏమైనా మిగిలితే కరెంటు బిల్లుకి. ఆ సంసారం అలా నడుస్తుండగా ఆడిటర్ కళ్ళలో పడ్డాడు.

పాలకవర్గం అత్యవసరంగా సమావేశమైంది. ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలన్నది సమస్య. నిబంధనల్లో కట్టనివాడికి నోటీసు ఉంది, వాయిదా ఉంది, రాజీ ఉంది, మాఫీ ఉంది. కట్టేవాడికి ఏమీ లేదు. చివరికి కార్యదర్శి చయనులు గారు గొంతు సవరించుకున్నారు. చయనులు గారికి సంఘం ఉపవిధులు కంఠతా వచ్చు. మామూలు మాటలు మాత్రం ఆయన నోటికి తిరగవు.

“అధ్యక్షా, ఏతావాతా సదరు సభ్యునికి సన్మానము గావించుటయే తరణోపాయము.”

సన్మానం అనగానే అందరికీ ప్రాణం లేచొచ్చింది. శాలువా కప్పడం తెలియనివాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు.

సంఘం ఆవరణలోనే సభ పెట్టారు. షామియానా ఎవరిది? భాస్కర్రావుది. కుర్చీలూ మైకులూ ఎవరివి? భాస్కర్రావువే. సన్మానం అతనికే కాబట్టి కిరాయి అడగడం మర్యాద కాదని చయనులు గారు సెలవిచ్చారు. అతను తెల్లారుతూనే గుంజలు పాతి, కుర్చీలు వేసి, “హలో, మైక్ టెస్టింగ్” అని రెండుసార్లు అని, చేతులు కడుక్కుని వేదికెక్కి కూర్చున్నాడు. జరీ అంచు శాలువా కప్పి, ‘ఆదర్శ రుణగ్రహీత’ అని బిరుదిచ్చి, గజమాల వేశారు. సర్వేశ్వర్రావు గారు కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడారు. సత్యవేణి ఇంట్లో పడుకునే అంతా వింది, ఎలాగూ హారన్లు వీధి చివరిదాకా కట్టారు కాబట్టి.

మర్నాడు భాస్కర్రావు వాయిదా కట్టడానికి వెళితే అప్పు తగ్గడానికి బదులు పెరిగి ఉంది. శాలువా, గజమాల, ఫ్లెక్సీ, ఫోటోలు, అతిథులకి పెసరట్టు ఉప్మా, అన్నీ అతని పద్దులోకి ఎక్కాయి.

“ఇదేటండీ చయనులు గారూ?” అన్నాడు భాస్కర్రావు.

“సన్మానము ఎవరికి జరిగినది? తమరికి. తత్ఫలముగా కీర్తి ఎవరికి కలిగినది? తమరికి. ఒకరి వ్యక్తిగత కీర్తికై సంఘ నిధులు వెచ్చించినచో అది అవినీతి కాదా?”

భాస్కర్రావు పెసరట్టు తాను తిననే లేదని గొణిగి, ఆ ఖర్చు కూడా కట్టుకుంటూ వచ్చాడు. అలా కట్టడం చూసి వాళ్ళు మరీ ముచ్చటపడిపోయారు. ఉగాదికి ఒక సన్మానం, సహకార వారోత్సవాలకి ఒకటి, సంఘం గోడలకి సున్నం వేసినందుకు ఒకటి. శాలువాలు బీరువాలో పట్టక బయట పడ్డాయి.

“కప్పుకుంటే గుచ్చుకుంటాయి, తుడుచుకుంటే తడి పీల్చవు, దేనికండీ ఇయ్యి?” అంది సత్యవేణి. చివరికి వాటిని ఆంప్లిఫయర్ల మీద దుమ్ము పడకుండా కప్పింది.

ఇలా ఉండగా కాకినాడ డాక్టరు భాస్కర్రావుని పక్కకి పిలిచి, డయాలసిస్‌తో ఇంక ఎంతో కాలం లాగలేమనీ, కిడ్నీ మార్చాలనీ, పరీక్షల్లో అతని కిడ్నీ ఆవిడకి సరిపోతుందని తేలిందనీ చెప్పాడు. భాస్కర్రావు ఆ మాట విని గంతేసినంత పని చేశాడు. మరి ఆపరేషన్‌కి డబ్బో? దానికీ దారి దొరికింది. కొట్టు కొనుక్కోవడానికి ఒక మందుల షాపాయన ముందుకొచ్చాడు. ఒకటే షరతు, శ్రావణం వెళ్ళేలోగా దస్తావేజులు చేతికి రావాలి, లేకపోతే ఎదురు సందులో ఇంకో కొట్టు చూసుకుంటాడు. సంఘానికి ఇంక మిగిలింది ఆఖరి వాయిదా. భాస్కర్రావు జనరేటర్ అమ్మేసి, ఆ డబ్బు జేబులో వేసుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

గుమాస్తా డబ్బు చూసి, తేలు కనిపించినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఆఖరిదాండీ? అమ్మో, నేను తీసుకోకూడదండి. లోపలికెళ్ళండి.”

లోపల చయనులు గారు కుర్చీ చూపించారు. “ఆఖరు వాయిదా చెల్లించినచో తమరు రుణగ్రహీత అగుదురా?”

“అవనండి. తీరిపోద్ది కదండీ.”

“రుణగ్రహీత కానివాడు ఆదర్శ రుణగ్రహీత ఎట్లగును? బిరుదు ప్రదానం చేసిన తీర్మానం ఏమి కావలెను? పైగా రాష్ట్ర స్థాయి పరిశీలక బృందం మన సంఘానికి ఉత్తమ పురస్కారం ఇచ్చుటకు వేంచేయుచున్నది. వారు ముందుగా దర్శింపగోరినది తమరినే.”

“ఎప్పుడొస్తారండీ?”

“కార్తీకంలోపు తప్పక రాగలరు.”

“కార్తీకవాఁ! శ్రావణం దాటితే నా బేరం పోద్దండీ బాబూ. ఆపరేషన్ ఆగిపోద్ది. మా ఆవిడ అప్పటిదాకా...” భాస్కర్రావు ఏడుస్తున్నానన్న సిగ్గు కూడా లేకుండా కళ్ళొత్తుకున్నాడు.

“తమరి ధర్మపత్ని పట్ల సంఘానికి సంపూర్ణ సానుభూతి కలదు. కావలసిన తీర్మానం చేసెదము,” అన్నారు చయనులు గారు. తరవాత కొంచెం ముందుకి వంగి బుజ్జగించారు. “ఏడుకొండలవాడినే చూడుడు. సాక్షాత్తు కుబేరుని వద్ద పెండ్లికి రుణము తెచ్చి, నేటికీ వడ్డీ కట్టుచున్నాడు. ఏనాడో అసలు తీర్చి ఉన్నచో ఆ వైభవమంతయు ఉండెడిదా? తమరు తొందరపడుచున్నారు.”

“ఆయనకి ఇద్దరు పెళ్ళాలండీ, ఇద్దరూ బాగానే ఉన్నారండీ! నాకు ఉన్నది ఒక్కత్తండీ. దానికి నా కిడ్నీ ఇచ్చుకోవాలండీ!”

చయనులు గారి చేతిలో కలం ఆగిపోయింది. “తమరి కిడ్నీయా? ఎవరి అనుమతితో?”

భాస్కర్రావు సంతకం పెట్టిన తాకట్టు పత్రంలో, ఎవరూ చదవని చోట, ‘నా యావత్తు స్థిర చరాస్తులు సంఘమునకు హామీ’ అని ఉంది. ఆ మాట తీసుకెళ్ళి చయనులు గారు పాలకవర్గం ముందు పెట్టారు. కిడ్నీ ఏ ఆస్తి కిందకి వస్తుందన్నది ప్రశ్న. చర్చ మధ్యాహ్నం భోజనాలదాకా నడిచింది. లోపల కదలకుండా ఉంది కనక స్థిరాస్తేనని ఒక డైరెక్టరు. కోసి పక్క మంచం మీదకి పట్టుకెళ్ళగలిగితే అది చరాస్తి కాక మరేమిటని ఇంకొకాయన. రెండున్నప్పుడు ఒకటి మిగులు భూమిలాంటిదని, పంచేయవచ్చని రొయ్యల బావమరిది ఉదారంగా అన్నాడు. ఒక కిడ్నీ తగ్గిన ఆదర్శ రుణగ్రహీతని బృందానికి చూపిస్తే మార్కులు తగ్గుతాయేమోనని గుమాస్తా భయపడ్డాడు.

సర్వేశ్వర్రావు గారు బల్ల చరిచి తీర్పు చెప్పారు. “మానవతా దృక్పథంతో ఆలోచించాలండీ. కిడ్నీ వెళ్ళనిద్దాం. అయితే హామీ ఆస్తి సంఘం పరిధి దాటకూడదు. అది ఎవరి ఒంట్లో ఉంటే వాళ్ళు సంఘంలో సభ్యులై, జామీను సంతకం పెట్టాలి. అంతే.”

చప్పట్లు మోగాయి. ఆ మానవతా దృక్పథానికి మెచ్చి అప్పటికప్పుడు సర్వేశ్వర్రావు గారికే ఒక శాలువా కప్పారు. దాని ఖర్చు ఎవరి పద్దులోకి ఎక్కిందో చెప్పక్కర్లేదు.

చయనులు గారు స్వయంగా కాగితాలు పట్టుకుని భాస్కర్రావు ఇంటికి వచ్చారు. సత్యవేణి మంచం మీద దిండుకి ఆనుకుని, ఆయన చెప్పిందంతా ఓపిగ్గా విని, ఒక్కసారిగా పకపకా నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు వినిపించి ఎన్నాళ్ళో అయింది. భాస్కర్రావు వంటింట్లోంచి గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

“అంటే ఏటండీ బాబుగారూ, ఆయన కిడ్నీ నా కడుపులో పెడితే నేను మీ సంఘం బీరువానైపోతానా?”

“భద్రపరచు స్థలము అని నిబంధనల భాషలో అందురు తల్లీ.”

“బాగుందండి. ఊరికే దాచిపెట్టడవేనా, జామీనుదారుకి హక్కులేవైనా ఉంటాయా?”

ఉపవిధులు అడిగినవాళ్ళంటే చయనులు గారికి ప్రాణం. ఆయన మొహం వెలిగిపోయింది. “ఏల ఉండవు? సర్వసభ్య సమావేశంలో వేదికనెక్కి మాట్లాడవచ్చును. ఓటు వేయవచ్చును. రుణగ్రహీత వాయిదా తప్పినచో జామీనుదారు చెల్లించవచ్చును. అట్లు చెల్లించినచో సంఘం నిరాకరించుటకు వీలు లేదు. అసలు జామీను ఏర్పాటు అందుకొరకే కదా!”

“కాదనకూడదాండీ?”

“ససేమిరా కాదనరాదు.”

“అయితే ఇలా ఇయ్యండి కలం,” అంది సత్యవేణి.

“ఒసే, చదవకుండా సంతకాలు పెట్టకే! నేను చదవకుండా పెట్టే ఇంతదాకా వచ్చింది!” అన్నాడు భాస్కర్రావు. ఆవిడ వినిపించుకోలేదు. వాచిన వేళ్ళతో, పొడుగ్గా, ఇంటిపేరుతో సహా సంతకం పెట్టింది. చయనులు గారు వెళ్ళాక మొగుడి చేతిలోంచి గరిటె లాక్కుని, “ఈ నెల మీరు వాయిదా కట్టకండి. ఇంకేం అడక్కండి,” అంది.

దేవుడు చల్లగా చూశాడు. బృందం కార్తీకంలో కాదు, శ్రావణంలోనే దిగింది, ఎందుకంటే కార్తీకంలో వాళ్ళకి వేరే పర్యటనలున్నాయి. సర్వేశ్వర్రావు గారు హడావిడిగా సర్వసభ్య సమావేశం పెట్టి, అందులోనే ఆదర్శ రుణగ్రహీతకి ఇంకో సన్మానం కలిపారు. సంఘం గొప్పతనం ఊరంతా వినాలని, కూరగాయల మార్కెట్ నుంచి బస్టాండుదాకా హారన్లు కట్టించారు. కట్టింది మామూలే, భాస్కర్రావు. వేదిక ముందు వరసలో బృందం వాళ్ళు, వెనక వరసల్లో రోజూ చిల్లర కూడబెట్టి సంఘంలో దాచుకునే కూరలమ్మేవాళ్ళూ, చేపలమ్మేవాళ్ళూ, రిక్షావాళ్ళూ.

సర్వేశ్వర్రావు గారు మైకు పట్టుకుని ఆవేశపడిపోయారు. “ఈ శుభ సందర్భంలో నేను గర్వంగా మనవి చేస్తున్నాను. భార్య మంచాన ఉన్నా, ఇంట్లో పొయ్యి వెలగకపోయినా, మా భాస్కర్రావు వాయిదా తప్పలేదు. ఇలాంటి మనిషి అడిగితే ఈ సంఘం ప్రాణమైనా ఇస్తుంది!”

“ప్రాణం వద్దండి, కాయితాలు చాలు,” అని వినిపించింది.

సత్యవేణి. ఆ పొద్దునే డయాలసిస్ చేయించుకుని బస్సు దిగి తిన్నగా వచ్చింది. మొహం పాలిపోయి ఉంది. ఇద్దరు చేపలమ్మే ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని వేదిక ఎక్కించారు. ఆవిడ మైకు అందుకుంది. గొంతు మునుపటిలా లేదు, సన్నగా వణికింది. భాస్కర్రావు ఆంప్లిఫయర్ దగ్గర కూర్చుని కొంచెం పెంచాడు.

“అయ్యా, పెద్దలందరికీ దండాలు. నేను భాస్కర్రావు గారి జామీనుదారుని. ఈ నెల ఆయన వాయిదా తప్పారు. అంచేత నేను కడుతున్నాను. జామీనుదారు కడితే కాదనకూడదని చయనులు గారు మా ఇంటికొచ్చి చెప్పారు. డబ్బు ఇదిగోనండి. దస్తావేజులు ఇప్పించండి.” సంఘం వాళ్ళే కప్పిన జరీ శాలువా ఒకటి మూట కట్టి ఉంది, దాన్ని విప్పి నోట్లు బల్ల మీద పెట్టింది.

బృందం వాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. రుణగ్రహీతే కాదు, జామీనుదారు కూడా ఇంత ఆదర్శమా అని మురిసిపోయారు. సర్వేశ్వర్రావు గారు నవ్వు మొహం పెట్టుకునే, బల్ల మీది మైకు సంగతి మర్చిపోయి, చయనులు గారి చెవి దగ్గరికి వంగారు.

పెద్దమనుషులు వేదిక మీద గుసగుసలాడబోతే వెంటనే మైకు తగ్గించేయడం భాస్కర్రావు వృత్తిలో మొదటి పాఠం. అలా అతను కాపాడిన పరువులు ఆ పట్నంలో లెక్కలేనన్ని. అలవాటు కొద్దీ చెయ్యి మీట మీదకి పోయింది. తలెత్తి చూశాడు. సత్యవేణి బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది. పాదాలు చెప్పుల్లో పట్టనంతగా వాచి ఉన్నాయి. దాని ఉసురు పోసుకుంటున్న వీళ్ళ పరువు ఇంకా నేను కాయాలా అనుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది. మీట రెండో వైపుకి, ఆఖరిదాకా తిప్పేశాడు.

కూరగాయల మార్కెట్ నుంచి బస్టాండుదాకా సర్వేశ్వర్రావు గారి గుసగుస మార్మోగింది.

“వీడొక్కడూ తీర్చేస్తే రేపట్నుంచి మనకి కట్టేవాడెవడయ్యా? మనవాళ్ళలో ఒక్క వెధవైనా కడుతున్నాడా? డిపాజిట్లకి వడ్డీ ఎక్కణ్ణుంచి తేను, నీ శ్లోకాల్లోంచా?”

వెంటనే చయనులు గారి గొంతు. ఆయన జీవితంలో మొదటిసారి మామూలు తెలుగు మాట్లాడారు. “చచ్చాం. వినపడిపోతోందండీ!”

ఒక్క క్షణం బస్టాండులో కండక్టర్లు కూడా ఈలలు ఆపారు. తరవాత వెనక వరసల్లో కుర్చీలు జరిగాయి. చేపలమ్మే పోలేరమ్మ ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని లేచింది. “ఏటీ, మా డబ్బులు పట్టుకెళ్ళినోడు ఒక్కడూ కట్టట్లేదా? మా వడ్డీ అంతా ఈ రోగిష్టి మనిషి మొగుడే కడతన్నాడా?” రొయ్యల బావమరిది షామియానా గుడ్డ పైకెత్తి వెనకనుంచి మాయమయ్యాడు.

అడిగినప్పుడల్లా తాళంచెవి దొరకని సంఘం బీరువా ఆ పూట చిటికెలో తెరుచుకుంది. సత్యవేణి దస్తావేజులు పేజీ పేజీ తిప్పి చూసుకుని, రసీదు అడిగి తీసుకుని, అప్పుడు కుర్చీలో కూలబడింది. మర్నాటి నుంచి కిటికీ దగ్గర డిపాజిట్‌దార్ల వరస మార్కెట్ మలుపుదాకా పెరిగింది. బృందం మాత్రం పురస్కారం ఇచ్చే వెళ్ళింది. తన లెక్కలని ఇంత బహిరంగంగా, హారన్లు కట్టి మరీ ప్రజలముందు పెట్టిన సంఘం రాష్ట్రంలో ఇంకొకటి లేదని పారదర్శకతకి ప్రథమ బహుమతి ప్రకటించారు.

కొట్టు మందుల షాపాయనకి వెళ్ళిపోయింది. బాక్సులూ గుంజలూ అద్దె షెడ్డులోకి చేరాయి. కాకినాడలో ఆపరేషన్ జరిగింది. భాస్కర్రావు కిడ్నీ కొత్తింట్లో కుదురుకుందని డాక్టర్లు చెప్పిన రోజున అతను నర్సులందరికీ మిఠాయి పంచబోయి, కుట్లు లాగి, చీవాట్లు తిన్నాడు.

ఇంటికి పంపే ముందు రోజు, మూతికి గుడ్డ కట్టుకుని చయనులు గారు వార్డులోకి వచ్చారు. చేతిలో ఒక కాగితం. భాషకి మళ్ళీ బలం వచ్చింది.

“అమ్మా, రుణము తీరినందున హామీ ఆస్తులన్నియు విడుదల చేయవలసి ఉన్నది. దస్తావేజులు అందినవి. ఇక మిగిలినది... ఈ ఒక్క సంతకము.”

సత్యవేణి పైకి చదివింది. “‘ఒక కిడ్నీ, వాడినది, పనిచేయు స్థితిలో ఉన్నది, ముట్టినది.’ ఏవండీ, ఏం చెయ్యమంటారు?”

“పెట్టెయ్యవే తల్లీ,” అన్నాడు భాస్కర్రావు పక్కన కుర్చీలోంచి. “లేకపోతే మళ్ళీ శాలువా పట్టుకొస్తారు.”

ఆవిడ సంతకం పెట్టింది. చయనులు గారు కాగితం మడతపెట్టుకుని, పాత అలవాటు ప్రకారం, “భవిష్యత్తులో ఎప్పుడైనను రుణము అవసరమైనచో మొహమాటపడకుడు,” అని గుమ్మందాకా వెళ్ళారు.

సత్యవేణి చీర కొంగు పొట్ట మీద సర్దుకుని, అక్కడ అరచెయ్యి ఆనించి ఉంచింది. బోసి చేతులవైపు ఒకసారి చూసుకుంది. గొంతు మునుపటి జోరందుకుంది. గుమ్మం దాటిన చయనులు గారికి కూడా స్పష్టంగా వినిపించింది.

“ఏవండీ, మా అమ్మ పెట్టిన గాజులు మీరు తాకట్టు పెట్టారు, నేనేమన్నా అన్నానా? కానీ మీరు నాకు పెట్టింది ఉంది చూడండి, దీన్ని మాత్రం ప్రాణం పోయినా ఎక్కడా తాకట్టు పెట్టనండి.”

భాస్కర్రావు నవ్వబోయాడు, కుట్లు సలిపాయి. కళ్ళనీళ్ళు ఆగలేదు. నొప్పికే ఏడుస్తున్నానని ఆవిడతో చెప్పాడు. ఆవిడ నమ్మలేదు.